టై కట్టిన దొంగ

లిబార్దో ఎన్ని సినిమాల్లో చచ్చాడో మెదెయీన్ ఊరి అంచున కొండ మీది పేటలో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. ఎలా చచ్చాడో మాత్రం అందరికీ గుర్తే. మెట్ల మీద నుంచి దొర్లి చచ్చాడు, మోటారు సైకిలు వెనక సీటు మీద చచ్చాడు, బిలియర్డు బల్ల మీద బోర్లా పడి చచ్చాడు. ఒకసారి కోళ్ళగంప మీద పడి చచ్చినప్పుడు లోపలి పుంజు చెవి పట్టుకుని పొడుస్తున్నా కదలకుండా పడి ఉన్నాడని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. వీధిలో కనబడితే చాలు, "ఏం లిబార్దో మామా, ఈ వారం ఎక్కడ చచ్చావ్?" అని పలకరిస్తారు. ఆయన కూడా నొచ్చుకోడు. ఏ బల్ల మీద, ఏ పక్కకి తిరిగి, కళ్ళు తెరిచా మూసా అన్నీ విడమరిచి చెబుతాడు.

ఆయనది దొంగ మొహమని సినిమా వాళ్ళు ఏనాడో తేల్చేశారు. ఎడమ చెంప మీద చెవి దగ్గర్నుంచి గడ్డం దాకా మచ్చ ఉంది. అది కత్తిగాటు కాదు, మిల్లులో మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడె ఎగిరొచ్చి తగిలిన దెబ్బ. ఆ సంగతి అడిగినవాడు లేడు, చెప్పబోతే విన్నవాడూ లేడు. మిల్లు మూతపడ్డాక ఆ మచ్చే ఆయనకి ఇంత కూడు పెట్టింది.

భార్య ఎదిల్మా అదే మిల్లులో సూట్లు కుట్టే హాల్లో పనిచేసింది. ఇప్పుడు వంటింటి కిటికీ పక్కన మిషను వేసుకుని కొండ మీద పెళ్ళిళ్ళకీ చావులకీ బట్టలు కుడుతుంది. మొగుడి సినిమాలన్నీ ఒక్కటి వదలకుండా చూసింది. చూసి ఊరుకునే మనిషి కాదు.

"మొదట్లో రొట్టె ఎత్తుకుపోతూ చచ్చావ్. తర్వాత బంగారు గొలుసు. ఆ తర్వాత మత్తుమందు తెల్లపొడి మూటలు. చేతిలో సరుకు ఖరీదు పెరుగుతూ వచ్చింది గాని, నీ ఒంటి మీద చొక్కా మాత్రం మారలేదయ్యా" అనేది.

అంతా నవ్వేవారు. లిబార్దో కూడా నవ్వేవాడు. కానీ ఒక కోరిక ఆయన్ని లోపల తొలుస్తూ ఉండేది. ఇన్ని సినిమాల్లోనూ ఆయన "అబ్బా" తప్ప మరో మాట అనలేదు. ఒక్క సినిమాలో, ఒకే ఒక్కదాంట్లో, చివరిదాకా బతికుండి, మనిషిలా ఒక వాక్యం మాట్లాడాలి. వయసు మీద పడుతోంది. కింద పడ్డాక లేవడానికి ఈ మధ్య ఇంకొకళ్ళ చెయ్యి కావలసి వస్తోంది. ఆ ఒక్క వాక్యం అనకుండానే వేషాలు ఆగిపోతాయేమోనని ఆయనకి బెంగ.

సోమవారం పొద్దున్న మానుయేలా కేబుల్ కారు దిగి వచ్చింది. సినిమాలకి మనుషుల్ని కుదిర్చే పిల్ల. ఆమె వచ్చిందంటే ఏదో షూటింగు ఉన్నట్టే. స్టేషను మెట్ల కింద నూబియా కాఫీ అంగడి దగ్గర నిమిషంలో జనం పోగయ్యారు. కుర్రాళ్ళు అప్పుడే మొహాలు ముడుచుకుని, చొక్కా గుండీలు విప్పి, దొంగల్లా గోడకి జారబడ్డారు.

"ఎంతమంది దొంగలు కావాలమ్మా?" అంది నూబియా, వేడి జున్ను బోండాలు గంపలోకి దింపుతూ. లిబార్దోతో ఎదిల్మాతో కలిసి మిల్లులో పనిచేసిన మనిషి ఆమె. కొండ మీద అందరి తరఫునా మాట్లాడే బాధ్యత తనదేనని ఎవరూ చెప్పకుండానే నెత్తిన వేసుకుంది.

"ఈసారి మీ దగ్గర్నుంచి దొంగలు అక్కర్లేదు నూబియా ఆంటీ."

"దొంగలు లేని దొంగ సినిమానా?"

"దొంగలున్నారు. టై కట్టుకున్నవాళ్ళు. మిల్లు మూసేసి, ఆ స్థలంలో పెద్ద పెద్ద మేడలు లేపి, కార్మికుల పింఛను సొమ్ము గుటుక్కున మింగేసే డాక్టర్లు" అంది మానుయేలా. మెదెయీన్‌లో టై కట్టుకున్న ప్రతివాడూ డాక్టరే, వాడికి సూదిమందు సంగతి తెలియకపోయినా సరే. "కాలం మారింది కదా. తెల్లపొడి కథలు జనం చూడ్డం లేదు. మీరంతా కార్మికులు. వరసగా నిలబడి, మిల్లు మూసేశామని చెబితే వినాలి. అంతే."

"మరి ఆ డాక్టర్లు ఎవరు?"

"పొబ్లాదో మేడల నుంచి వస్తున్నారు. డైరెక్టరుకి యాక్టర్లంటే పడదు, అసలు సిసలు మొహాలే కావాలంటాడు. అందుకని నిజం డాక్టర్లనే పిలిచాం."

గోడకి జారబడ్డ కుర్రాళ్ళు నిటారుగా నిలబడ్డారు. నూబియా పట్టకారు కింద పెట్టింది. "నదికి ఆ పక్క మంచి ఉద్యోగాలన్నీ వాళ్ళవే. మంచి నీళ్ళూ వాళ్ళవే. కనీసం దొంగతనమైనా మాకు మిగిలిందనుకున్నాం. అదీ పట్టుకుపోయారా?"

అంతా గొల్లుమన్నారు. మానుయేలా కూడా నవ్వింది. ఆ నవ్వుల్లోంచి లిబార్దో ముందుకొచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అమ్మా మానుయేలా, నాకు ఆ టై దొంగ వేషం ఇప్పించు. మాటలున్నది."

ఆ పిల్ల మంచిది. లిబార్దో ఎన్నిసార్లు కింద పడి లేచాడో దగ్గరుండి చూసింది. కాఫీ కప్పు ఒకసారి తిప్పి కింద పెట్టింది. "లిబార్దో గారూ, మీ మొహం... అది వీధి దొంగ మొహం. మేడ మీది దొంగది వేరే మొహం."

"దొంగ దొంగే కదమ్మా."

"నాకు తెలుసు. టిక్కెట్టు కొనేవాడికి తెలియదు."

ఆయన కదల్లేదు. టోపీ అలాగే పట్టుకుని నిలబడ్డాడు. చివరికి ఆ పిల్లే మెత్తబడింది. "సరే. బుధవారం కిందికి రండి. డైరెక్టరు ముందు ఒకసారి చేసి చూపించండి. మాట మాత్రం ఇవ్వలేను."

*

ఎదిల్మా విషయం విని నవ్వలేదు. పెట్టె అడుగున ఎప్పట్నుంచో దాచిన బూడిదరంగు ఉన్ని గుడ్డ తీసి, వెలుతురులో పట్టుకుని, చిమ్మట కొట్టిన చోట్లు వెతికింది. ఒక మూల కొంచెం పోయింది. అది జేబు లోపలికి వెళ్ళేలా సుద్దతో గీత గీసింది.

"నిలబడు. చేతులు వదిలెయ్."

ఆయన నిలబడ్డాడు. ఆవిడ టేపు మెడకి వేసుకుని, ఆయన మొగుడు కాదు, గిరాకీ అన్నట్టు ఆయన చుట్టూ తిరిగింది. కుడి భుజం ఎడమ భుజం కంటే వేలెడు కిందికి ఉంది. తానులు మోసిన భుజం అది.

"డాక్టర్ల భుజాలు రెండూ ఒక్క ఎత్తులో ఉంటాయి" అంది, పళ్ళ మధ్య గుండుసూదులతో. "ఏనాడూ ఏమీ మొయ్యలేదు కదా. నీకు ఈ పక్క మెత్త ఎక్కువ వెయ్యాలి."

కచ్చా కుట్లు వేసింది, విప్పింది, మళ్ళీ వేసింది. కాలరు లోపల కాన్వాసు పెట్టి అరచేత్తో నొక్కి వంపు తిప్పింది. పొయ్యి మీద బెల్లం నీళ్ళు మరిగి పొంగినా చూసుకోలేదు. మంగళవారం సాయంత్రానికి సూటు తయారైంది. లిబార్దో వేసుకుని వంటింటి కుర్చీలో కూర్చున్నాడు.

"అంచు మీద కూర్చుంటావేం? బస్సులో టిక్కెట్టు లేనివాడిలా."

ఆయన కాస్త వెనక్కి జరిగాడు.

"ఇంకా. కుర్చీ నీది. ఇల్లు నీది. కింద భూమి కూడా నీదే."

ఆయన పూర్తిగా వెనక్కి వాలాడు. ఎదిల్మా దూరంగా వెళ్ళి తల పక్కకి వంచి చూసింది. "ఏమో అనుకున్నాను గాని, బాగున్నావయ్యా" అంది. ఆ మాటకి ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళకి కూడా ఆవిడ మెచ్చుకుంటే ఆయనకి సిగ్గే.

*

బుధవారం కింద ఊళ్ళో ఒక పాత క్లబ్బు హాల్లో పరీక్ష. పొడవాటి బల్ల, చుట్టూ తోలు కుర్చీలు, ఒక మూల కెమెరా. డైరెక్టరు ఒక్తావియో కళ్ళజోడు కుర్రాడు, గోళ్ళు కొరుక్కుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. గోడ వారగా పొబ్లాదో పెద్దమనుషులు, పండగకి వచ్చిన వాళ్ళలా ఉషారుగా ఉన్నారు. అందరిలోకీ ముందు డాన్ హెర్మాన్‌ని పిలిచారు. డాన్ అంటే అక్కడ గారు అన్నట్టే. ఆయన ఏదో బీమా కంపెనీకి పెద్దగా ఉండి రిటైరైన మనిషి, తెల్ల జుట్టు, గులాబీ మొహం.

"మీరు మిల్లు యజమాని. పింఛను సొమ్ము ఎలా మాయం చెయ్యాలో భాగస్వాములకి చెబుతున్నారు. కానివ్వండి" అన్నాడు ఒక్తావియో.

డాన్ హెర్మాన్ కాలరు పైకెత్తాడు. కాళ్ళు బార్లా చాపాడు. బల్ల మీది పెన్సిలు తీసి వేళ్ళ మధ్య కత్తిలా తిప్పుతూ, గొంతు బొంగురు చేసి, "ఏరా తమ్ముళ్ళూ, ఎవడైనా నోరెత్తాడో, లేపేస్తా" అన్నాడు.

లిబార్దో ఉలిక్కిపడ్డాడు. ఆ పెన్సిలు తిప్పడం తనది. బిలియర్డు బల్ల సినిమాలో, చావడానికి కాస్త ముందు, తను చాకుని సరిగ్గా అలాగే తిప్పాడు. తర్వాత వచ్చిన పెద్దమనిషి ఉమ్మేసి మాట్లాడాడు. ఆ తర్వాతాయన ఒక కన్ను చికిలించి, లేని సిగరెట్టు నలిపాడు. ఒకరి తర్వాత ఒకరు పొబ్లాదో డాక్టర్లందరూ కొండ మీది కుర్రాళ్ళయిపోయారు.

ఒక్తావియో తల పట్టుకున్నాడు. "డాన్ హెర్మాన్, దయచేసి, మీరు రోజూ ఆఫీసులో ఎలా ఉండేవారో అలా ఉండండి చాలు."

"అలా ఉంటే దొంగలా ఎలా ఉంటానయ్యా?" అన్నాడు డాన్ హెర్మాన్. పాపం, నిజంగానే అర్థం కాక అడిగాడు.

కాఫీ అందించే వేషానికి వచ్చిన నూబియా ట్రే అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంతలో డాన్ హెర్మాన్ కళ్ళు లిబార్దో మీద పడ్డాయి. గబగబా వచ్చి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "మీరు కదూ బిలియర్డు బల్ల మీద చచ్చింది? మా ఇంటిల్లిపాదీ చూశాం. మా మనవడైతే రోజూ సోఫా మీద మీలాగే చస్తాడు. నాకు కాస్త నేర్పండి బాబూ, ఎక్కడ తప్పుతున్నాను?"

"అంతా సరిగ్గానే ఉందండి డాక్టరుగారూ" అన్నాడు లిబార్దో మొహమాటంగా. లోలోపల కాస్త గర్వంగా కూడా ఉంది.

తర్వాత ఆయన వంతు. సూటు చూసి ఒక్తావియో కనుబొమలెత్తాడు. లిబార్దో తోలు కుర్చీలో వెనక్కి వాలి, కింద భూమి కూడా తనదే అన్నట్టు కూర్చున్నాడు. నిజంగా బాగానే కూర్చున్నాడు. అప్పుడు నూబియా కాఫీ ట్రేతో వచ్చింది. వచ్చీ రాగానే ఆయన లేచి నిలబడి ట్రే అందుకున్నాడు.

"లేవకూడదు. ఆమెని అసలు చూడనే కూడదు" అన్నాడు ఒక్తావియో.

రెండోసారి లేవలేదు. కప్పు బల్ల మీద పెట్టగానే, "దేవుడు నీకు మేలు చెయ్యాలి నూబియా" అని కొండ మీది అలవాటు ప్రకారం కృతజ్ఞత చెప్పాడు. మూడోసారి పెదవులు బిగబట్టి, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. నూబియా కంగారులో కప్పు పెట్టబోతే నాలుగు చుక్కలు బల్ల మీద ఒలికాయి. లిబార్దో తను ఏం చేస్తున్నాడో తెలియకుండానే కొత్త టై తీసి తుడిచేశాడు.

ఒక్తావియో ఆయన పక్కన వచ్చి కూర్చున్నాడు. "లిబార్దో గారూ, మీరు చాలా మంచివారు. అదే చిక్కు" అన్నాడు మెల్లగా. అంతకంటే మొహం మీద తిట్టినా బాగుండేది.

అవతల గోడ దగ్గర డాన్ హెర్మాన్ కోటు వీపు మీద పొంగి ఉందని మానుయేలా, మొగుడి వెంట వచ్చిన ఎదిల్మాని సర్దమంది. ఆవిడ సూదుల డబ్బా తెచ్చుకునే ఉంది. ఆయన ముందు నిలబడి కింది నుంచి పైకి ఒకసారి చూసింది.

"తిరగండి."

డాన్ హెర్మాన్ తిరిగాడు.

"చెయ్యి ఎత్తండి. అది కాదు, రెండోది. కదలకండి. ఊపిరి తర్వాత పీలుద్దురు గాని." ఆవిడ గొంతు పెంచలేదు, మొహంలోకి చూడనూ లేదు. నోట్లో సూదులు ఉండటంతో పెదవులు కూడా సరిగ్గా కదల్లేదు. బీమా కంపెనీని ఏలిన మనిషి ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. "ఈ కోటు కుట్టినవాడికి మీ మీద పాత కక్ష ఏదో ఉంది. సరే, మీరు వెళ్ళండి. మీ తర్వాత ఎవరు?"

పొబ్లాదో పెద్దమనుషులు చెప్పకుండానే వరస కట్టారు. ఒకాయన ఏదో చెప్పబోతే ఆవిడ టేపు పట్టుకున్న చెయ్యి కొద్దిగా ఎత్తింది. ఆయన నోరు మూసుకున్నాడు.

ఒక్తావియో గోళ్ళు కొరకడం ఆపాడు. "ఆవిడెవరు?" అన్నాడు మానుయేలాతో.

"లిబార్దో గారి భార్య."

"మన మిల్లు యజమాని డాక్టరు కాదు. డాక్టరమ్మ. ఇప్పుడే కథ మార్చేశాను."

ఎదిల్మా విని, నమ్మలేక నవ్వి, "నేనా? నా పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి బాబూ, పక్కింటావిడకి అప్పగించి వచ్చాను" అంది. ఆ తర్వాత లిబార్దో మొహం చూసి ఆవిడ నవ్వు ఆగిపోయింది.

*

కేబుల్ కారులో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆయన కింద రేకుల కప్పులని చూస్తూ ఉండిపోయాడు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది ఆయన పని. డాక్టరు వేషం పోయింది, పాత దొంగ వేషాలు ఎలాగూ లేవు. ఇచ్చింది డాక్టరమ్మ కారు డ్రైవరు వేషం. ఆమె వచ్చినప్పుడు తలుపు తియ్యాలి, మూసెయ్యాలి. మాటల్లేవు.

"వద్దని చెప్పేస్తాను" అంది ఎదిల్మా.

"చెప్పకు."

"మొహం అలా పెట్టుకుంటే ఎలా చెయ్యమంటావ్?"

"నాకు కుళ్ళుగా ఉందే. ఉండదూ? ఇన్నేళ్ళు నేను దేకితే, నువ్వు సూదులు నోట్లో పెట్టుకుని అర్ధగంటలో కొట్టేశావ్." అని, ఆవిడ వైపు తిరిగి, "అయినా బాగా చేశావ్. నాకే నిన్ను చూస్తే భయమేసింది" అన్నాడు.

ఆవిడ మోకాలితో ఆయన మోకాలిని తట్టింది. స్టేషను వచ్చేసరికి ఇద్దరూ మామూలు మనుషులయ్యారు.

గురువారం ఇంట్లో ఇద్దరూ సాధన చేశారు. ఆయన వంటింటి అలమారా తలుపు తీస్తూ మూస్తూ, కీచుమనకుండా ఎంత మెల్లగా తియ్యొచ్చో చూసుకున్నాడు. ఆవిడ కాగితం పట్టుకుని ఒకే వాక్యాన్ని పదే పదే చదివింది. "మిల్లు మూసేశాం. రేపట్నుంచి ఎవరూ రావద్దు. పొండి."

"ఇలా ఏ డాక్టరూ అనడు" అంది చివరికి, కాగితం మిషను మీద పడేసి. "ఇది మళ్ళీ మీ దొంగల భాషే. ఇలా అంటే మనం అప్పుడే రాళ్ళు తీసి ఉండేవాళ్ళం."

లిబార్దో అలమారా తలుపు దగ్గర ఆగాడు. ఆవిడ ఎవర్ని తలుచుకుంటోందో ఆయనకి తెలుసు. తమ మిల్లు మూసేసిన ఆ పెద్దమనిషి పేరు ఇద్దరిలో ఎవరూ అనలేదు.

"నీకు గుర్తున్నట్టే చెయ్యి" అన్నాడు.

*

శుక్రవారం షూటింగు నది ఒడ్డున ఒక ఖాళీ షెడ్డులో. వాళ్ళ మిల్లు కాదు. వాళ్ళ మిల్లు ఉన్నచోట ఇప్పుడు నిజంగానే మేడలున్నాయి. అయినా పై కప్పు అద్దాల్లోంచి పడే వెలుతురు అలాగే ఉంది, నేల మీద నూనె మరకలు అలాగే ఉన్నాయి. కొండ మీద నుంచి వచ్చినవాళ్ళు నీలం పని కోట్లు తొడుక్కుని వరసగా నిలబడ్డారు. సగంమంది పాత మిల్లువాళ్ళే. ఎవరూ చెప్పకుండానే అప్పటి వరసలోనే నిలబడ్డారు. నూబియా ముందు, ఎందుకంటే ఆమె నేత హాల్లో మొదటి మగ్గం మీద ఉండేది. తలుపు బయట నల్ల కారు, కారు పక్కన బూడిదరంగు సూటులో లిబార్దో.

డాన్ హెర్మాన్‌కి కార్మికుడి వేషం ఇచ్చారు. వరస చివర నిలబడి, టోపీ ఎలా పట్టుకోవాలో పక్కవాణ్ణి అడిగి తెలుసుకుంటున్నాడు.

ఒక్తావియో చెయ్యి దించాడు. ఎదిల్మా లోపలికి వచ్చింది. నల్లకోటు, జుట్టు బిగించి కట్టిన ముడి. అందరూ ఆవిడ ఆ వాక్యం అంటుందని చూస్తున్నారు. ఆవిడ అనలేదు. నవ్వింది. వరస మొదటికి వెళ్ళి నూబియా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నూబియా, మీ అమ్మ మోకాలు ఎలా ఉందమ్మా? మందు వాడుతోందా?"

నూబియా మొహం పాలిపోయింది. మిల్లు మూతపడ్డ రోజున ఆ పెద్దమనిషి ఆమెతో అదే మాట అన్నాడు, సరిగ్గా అదే గొంతుతో. ఎదిల్మా ఒక్కొక్కరి దగ్గరా ఆగింది. ఒకరి కూతురి చదువు అడిగింది, ఒకరి భుజం తట్టింది. "మీరంతా మా ఇంటివాళ్ళు. మీ చేతుల వల్లే మేం ఇంతవాళ్ళమయ్యాం. చాలా ఏళ్ళు కష్టపడ్డారు. సోమవారం నుంచి మీకు విశ్రాంతి. మీకు రావలసినవన్నీ లాయర్లు చూసుకుంటారు. మీరు దిగులు పడకండి."

"దేవుడు మీకు మేలు చెయ్యాలి డాక్టరమ్మా" అంది నూబియా. తనకి తెలియకుండానే వచ్చేసింది ఆ మాట. పక్కనున్నామె కూడా అంది. ఆమె పక్కనున్నాయన కూడా. వరస పొడుగునా, తలలు వంచుకుని, టోపీలు తీసి, ఒక్కొక్కరే ఆవిడకి కృతజ్ఞతలు చెప్పారు.

ఒక్తావియో "కట్" అన్నాడు గుసగుసగా. కెమెరా దగ్గరున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. వరసలో మాత్రం ఎవరూ కదల్లేదు. ఎదిల్మా వెనక్కి వచ్చి నూబియా పక్కన నిలబడి, నుదుటి మీది చెమట తుడుచుకుంది.

"మనం ఆ రోజు ఇదే అన్నాం కదే" అంది నూబియా. "పింఛను పోగొట్టుకున్న రోజున, పోగొట్టినవాడికి దండం పెట్టి దీవించి ఇంటికెళ్ళాం."

"అన్నాం" అంది ఎదిల్మా.

తలుపు బయట నుంచి లిబార్దో ఆ మాట విన్నాడు. తను కూడా అన్నాడు. చెంప మీద అప్పటికింకా పచ్చిగా ఉన్న గాయం మీది కట్టుతో, వంగి మరీ అన్నాడు. సిగ్గేసింది ఆయనకి. ఆ వెంటనే కోపం వచ్చింది. అది ఎవరి మీదో ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయనకి స్పష్టంగా తెలిసింది.

"అద్భుతం. సరిగ్గా ఇలాగే మరొక్కసారి" అన్నాడు ఒక్తావియో.

మరొక్కసారి ఎదిల్మా లోపలికి వచ్చింది, నవ్వింది, నూబియా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. "మీ అమ్మ మోకాలు ఎలా ఉందమ్మా?"

నూబియా ఆ చేతుల్ని వదల్లేదు. "మా అమ్మ మోకాలు నేను చూసుకుంటాను డాక్టరమ్మా. మా పింఛను ఏమైందో మీరు చెప్పండి."

ఎదిల్మా ఒక్క క్షణం తడబడింది. కానీ పూనకం ఆవిడది కూడా తక్కువది కాదు. నవ్వు చెదరనివ్వలేదు. "అవన్నీ లాయర్లు మాట్లాడతారమ్మా."

"లాయరు మా మగ్గం మీద కూర్చోలేదు."

"ఏ లాయరు? పేరు చెప్పండి" అన్నారు ఎవరో. "మా జీతాల్లోంచి నెల నెలా కోశారే, అదెక్కడుంది?" అన్నారు ఇంకెవరో. వరస విడిపోయింది. డాన్ హెర్మాన్ అందరికంటే గట్టిగా, "అవును, ఎక్కడుంది?" అని అరిచాడు. ఆయన మొహం ఎప్పటికంటే గులాబీగా ఉంది. కెమెరా మనిషి ఒక్తావియో వైపు చూశాడు. ఒక్తావియో ఆపవద్దని చేత్తో సైగ చేశాడు.

ఎదిల్మా నవ్వుతూనే, తల ఊపుతూనే, ఒక్కొక్క అడుగే వెనక్కి వేసింది. చెయ్యి విడిపించుకుంది. తలుపు దాటింది. కారు దాకా వచ్చి, ఏ డాక్టరూ ఏనాడూ వెనక్కి తిరిగి చూసుకోనట్టే, తలుపు తెరిచే ఉంటుందన్న ధీమాతో ఆగింది.

తలుపు మూసే ఉంది. లిబార్దో చెయ్యి పిడి మీదే ఉంది. అలమారా దగ్గర అంత సాధన చేసిన చెయ్యి. అది కదల్లేదు.

"తలుపు" అంది ఎదిల్మా, ఆయన వైపు చూడకుండానే.

"వాళ్ళు అడిగినదానికి జవాబు చెప్పి రండి డాక్టరమ్మా" అన్నాడు లిబార్దో. "బండి ఎక్కడికీ పోదు."

అప్పుడు ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఆ నవ్వు మొదటిసారి పెదవుల మీద నుంచి జారిపోయింది. ఆవిడ వెంటే బయటికి వచ్చిన జనం కారు చుట్టూ ఉన్నారు, వెనక షెడ్డు గోడ ఉంది. వెళ్ళడానికి వాళ్ళ వైపు తప్ప మరో వైపు లేదు. ఆవిడ కోటు సర్దుకుని వెనక్కి తిరిగింది.

నూబియా అప్పటికే ఒక చెక్కపెట్టెని కాలితో జరిపి, పని కోటు అంచుతో దుమ్ము దులిపింది.

"కూర్చోండి డాక్టరమ్మా, తీరిగ్గా చెప్పండి" అంది. "మాకేం తొందర లేదు. మీరే కదా సోమవారం నుంచి విశ్రాంతి అన్నారు."